మందు డబ్బాలో నూనె

గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు మా గదుల వరసలో నన్నందరూ ఇన్‌స్పెక్టరని పిలిచేవాళ్ళు. ఆ బిరుదు నేను కష్టపడి సంపాదించుకున్నదే. రెండో సంవత్సరం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మా లెక్చరరు గారు కల్తీ సరుకును పట్టుకునే పరీక్షలు నేర్పారు. గ్లాసు నీళ్ళలో చిటికెడు కారం చల్లితే, అందులో ఇటుకపొడి ఉంటే అది ముందుగా అడుక్కి దిగుతుంది. టీపొడిని తడిపిన బ్లాటింగ్ పేపరు మీద పోస్తే, రంగు కలిపినదైతే వెంటనే మరక పడుతుంది. ఇలాంటివి ఓ అరడజను నేర్చుకోగానే నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఎవరి గదికి వెళ్ళినా సరిగ్గా పలకరించకుండానే డబ్బాల మూతలు తీసేవాణ్ణి. వీధి చివర కొట్లో కొన్న కారాన్ని అందరి ముందూ గ్లాసులో వేసి, అడుగున చేరిన ఎర్రమట్టి చూపించి, "ఇదిరా మీరు తింటున్నది" అని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మిరపకాయల యార్డున్న ఊళ్ళో ఉండి ఇటుకపొడి తింటున్నామా అని వాళ్ళు నవ్వేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అదే కొట్లో అదే కారం కొనుక్కునేవాళ్ళు.

ఎనభైల నడిమి రోజులవి. పది గదులకు ఒకటే కుళాయి. గదికిద్దరు ముగ్గురు, ఒక కిరసనాయిలు స్టవ్వు. పొద్దున వండిన అన్నాన్ని రాత్రికి వాసన చూసి తినేవాళ్ళం. కాస్త జిగురొస్తే నీళ్ళు పోసి కడిగి, మజ్జిగ కలుపుకుని తినేవాళ్ళం. కొంతమందికి ఊళ్ళనుంచి బస్సు మీద కారేజీలు వచ్చేవి. తెల్లారి వండి డ్రైవరు పక్కన పెట్టిన కారేజీని మధ్యాహ్నం క్లాసులయ్యాక తెరిస్తే పప్పు మీద నురుగు ఉండేది. పారేస్తే అమ్మ కష్టం పారేసినట్టని, నురుగు పక్కకు తోసి తినేసేవాళ్ళు. బండి మీద పునుగులు వేసే నూనె తారులాగా ఉండేది. ఎండలు ముదిరేసరికి గదికొకరు చొప్పున కామెర్లతో ఇళ్ళకు వెళ్ళి, పసరు పోయించుకుని, చిక్కి సగమై తిరిగొచ్చేవాళ్ళు. కుళాయి నీళ్ళను అనుమానించినవాడు ఒక్కడూ లేడు. రాళ్ళు తిని అరిగించుకునే వయసని మాకు మేమే చెప్పుకునేవాళ్ళం.

నాకూ ఒక గుడ్డి నమ్మకం ఉండేది. కొన్న సరుకులోనే మోసం ఉంటుంది, ఇంటినుంచి వచ్చినదానిలో ఉండదు. ఇన్ని గ్లాసుల్లో ఇన్ని పరీక్షలు చేశాను గాని, ఏ తల్లి పంపిన జాడీలోనూ వేలు పెట్టలేదు. అది మర్యాద కూడా కాదు. మా అందరికీ అది గుడిలో ప్రసాదంతో సమానం.

నా గదిలో నాతో ఉన్నవాడు పర్చూరు అవతల ఒక పల్లెవాడు. ఊరికి ఎడంగా ఉన్న పేటలో వాళ్ళ ఇల్లు. క్రైస్తవులు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పత్తిచేలకూ మిరపచేలకూ కూలికి వెళ్ళి వాణ్ణీ, వాడి చెల్లెల్నీ చదివిస్తోంది. మాది వినుకొండ వైపు. మా తాత పౌరోహిత్యం చేశాడు, నాన్న బడిపంతులు. ల్యాబ్‌లో వాడూ నేనూ ఒకే బల్ల దగ్గర పడ్డాం. నాలుగు నెలలకే ఒకే గదిలోకి మారాం. మొదటి నెల నేను వేరే గిన్నెలో వండుకున్నాను. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కాని అదీ రాయాలి. వాడు తన గిన్నె పక్కకు జరిపి నా గిన్నెకు చోటిచ్చాడు. ఒకరోజు నా కూర మాడిపోతే, వాడి జాడీలోంచి పండుమిరప పచ్చడి నేనే వేసుకున్నాను. అలాంటి పచ్చడి నేను అంతకుముందు తినలేదు, తర్వాత కూడా తినలేదు.

వాడు ఊరికి వెళ్ళి ఆ మాట తల్లితో చెప్పినట్టున్నాడు. అప్పటినుంచి ఆమె ఇద్దరికి సరిపడా పంపేది. ఎండుచేపల పొడి వాడికి వేరే పొట్లం కట్టి, నాకు తగలకుండా పచ్చళ్ళు వేరే సంచిలో పెట్టేది. నువ్వుల నూనె ఆడించి పంపేది. రెండేళ్ళు నేను ఆమె చేతి పచ్చడి తిన్నాను, ఆమె నూనె పోసుకుని తిన్నాను. వాడు బతికుండగా ఆమెను చూసింది మాత్రం ఒక్కసారే. మా ఇంట్లో ఈ సంగతి తెలియదు.

మూడో సంవత్సరం, మిరపకోతలు సాగుతున్న రోజుల్లో మా అమ్మ ఏదో పనిమీద గుంటూరు వచ్చి గదికి వచ్చింది. జాడీ చూసి ఎవరిదని అడిగింది. చెప్పాను. వెంటనే జాడీ ముట్టుకున్న చెయ్యి కడుక్కుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఈసారి ఇంటికొచ్చినప్పుడు స్నానం చేశాకే వంటింట్లోకి రా నాయనా" అంది. వాడు అప్పుడు కుళాయి దగ్గర బిందె నింపుతున్నాడు. వాడికి వినపడిందని నాకు తెలుసు. నాకు తెలుసని వాడికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తుకోలేదు.

ఆ తర్వాతి శుక్రవారం వాడు ఊరినుంచి వచ్చాడు. సంచిలోంచి కొత్త డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అల్యూమినియంది, లీటరుది, మరమూత. అంతకుముందు నూనె సీసాలో వచ్చేది. ఒకసారి బస్సులో సీసా మూత ఊడి, పక్కన కూర్చున్నాయన పంచె మీద పడితే ఆయన వీణ్ణి ఊరూ పేరూ అడిగి, ఏ పేటో తెలుసుకుని మరీ నానా తిట్లు తిట్టాడట. కొడుక్కి మళ్ళీ అలాంటిది జరగకూడదని ఆమె ఈ డబ్బా సంపాదించింది.

"తలకిందులు చేసినా చుక్క కారదురా" అని వాడు డబ్బాను తిప్పి చూపించాడు.

డబ్బాకు అంటించిన కాగితాన్ని కత్తితో గీకేశారు. అంచున గోరంత ఎర్రరంగు ముక్క మిగిలింది.

"ఎక్కడిదిరా ఇది?" అన్నాను.

"ఆసామి చేలోది. పత్తి మందు డబ్బా. ఖాళీవి కూలోళ్ళకి తలా రెండు ఇచ్చాడు. అమ్మ బూడిదేసి ఏడుసార్లు తోమింది. చింతపండేసి తోమింది. రెండ్రోజులు ఎండబెట్టింది. మా ఊళ్ళో ఎవరింట్లో చూసినా ఇయ్యే."

అది నిజమే. ఆ ఏళ్ళలో పత్తికి పురుగు పట్టి, వారానికో మందు కొట్టేవాళ్ళు. ఖాళీ డబ్బాలు ప్రతి పల్లెలోనూ గుట్టలుగా పడి ఉండేవి. గట్టివి, తుప్పు పట్టనివి, మూత బిగువైనవి. పారేయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. కొందరు విత్తనాలు పోసుకునేవాళ్ళు, కొందరు కిరసనాయిలు. తోమితే పోతుందని అందరి నమ్మకం. మట్టి, జిడ్డు, ఎంగిలి, అంటు, అన్నీ బూడిదతో పోతాయి కదా, ఇదీ పోతుందనుకునేవాళ్ళు.

పోదని నాకు తెలుసు. ఆ నెలలోనే పరీక్షకు ఆ పాఠం చదివాను. ఆ మందులు నీళ్ళలో సరిగా కరగవు, నూనెలో కరుగుతాయి. ఎన్ని నీళ్ళు పోసి తోమినా డబ్బా మడతల్లో అంటుకుని ఉన్నది, నూనె పోయగానే కరిగి అందులో కలుస్తుంది. వాసన వెల్లుల్లి వాసనలా ఉంటుందని కూడా ఆ పుస్తకంలో ఉంది.

ఆ పూట అన్నంలో పచ్చడి వేసుకుని, పైన నూనె పోసుకుని కలిపాను. పచ్చడిలో వెల్లుల్లి ఉంది. దాని వెనక ఇంకో వాసన ఉంది. పత్తిచేల పక్కనుంచి బస్సు వెళ్తుంటే కిటికీలోంచి వచ్చే వాసన. ముద్ద నోటిదాకా తెచ్చి కంచంలో పెట్టేశాను.

వాడు చూశాడు. వాడి మొహంలో రంగు మారింది.

"కడుపులో బాగోలేదురా" అన్నాను.

"అట్నా" అన్నాడు. తల వంచుకుని తిన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలూ నోట్లోనే తిప్పుకున్నాను. వారం కిందట మా అమ్మ గుమ్మంలో అన్న మాట ఇంకా ఆ గదిలో ఉంది. ఇప్పుడు నేను మీ అమ్మ పంపిన నూనె బాగాలేదంటే వాడికి ఏం వినపడుతుందో నాకు తెలుసు. దానికన్నా కడుపునొప్పి అబద్ధమే మేలనిపించింది. నిదానంగా, వాడు మామూలుగా ఉన్నప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

శనివారం నేను హోటల్లో తిని వచ్చాను. వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున వాంతి అయిందన్నాడు. నిన్న సాయంత్రం బండి మీద తిన్న బజ్జీలు పడలేదన్నాడు. నేను వాడి ఎదురుగా కూర్చుని, "ఒరేయ్, నీకో మాట చెప్పాలి" అని మొదలుపెట్టాను.

"ఏం చెబుతావో నాకు తెలుసు. చెప్పమాక" అన్నాడు.

"అది కాదురా..."

"మీ ఇంట్లో తెలిసింది. ఇక తినకూడదు. అంతేగా? నేనేమన్నా అడిగానా నిన్ను? రెండేళ్ళు తిన్నావు, అదే ఎక్కువ."

అంత పౌరుషంగా వాడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నాకూ రోషమొచ్చింది. ఎంత చేసినా చివరికి నన్ను ఇలాగే చూస్తున్నాడనుకున్నాను. నా మంచితనం మీద నాకున్న మోజు అంత గొప్పది! లేచి బయటికి వెళ్ళిపోయాను. ఆ రోజే వాడు ఇంటికి కార్డు రాశాడని నాకు తర్వాత తెలిసింది.

ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి వాడే వండాడు. నేను మంచం మీద పుస్తకం పట్టుకుని పడుకున్నాను. వాడు కంచం ముందు కూర్చుని, నా వైపు చూసి, డబ్బా వంచాడు. మామూలుగా చెంచాడు పోసుకునేవాడు, ఆ రోజు అన్నం తేలేలా పోసుకున్నాడు. నాకు చూపించడానికే పోసుకున్నాడు. "మా అమ్మ పంపింది నేనన్నా తినాలిగా" అన్నాడు. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. ఏ పేజీ చూస్తున్నానో ఇప్పటికీ గుర్తుంది. ఆ పేజీలో ఏముందో మాత్రం తెలియదు.

గంట కాకముందే చెమటలు పట్టాయి. నోట్లోంచి చొంగ ఆగలేదు. "కళ్ళు మసకేస్తున్నాయిరా" అన్నాడు. కండలు పురుగులు పాకినట్టు అదిరాయి. పక్కగదివాళ్ళను కేకేసి, రిక్షాలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా వాడి తల నా ఒళ్ళో ఉంది.

డ్యూటీ డాక్టరు వాడి కంటిరెప్పలు ఎత్తి చూశాడు. కనుపాపలు ఆవగింజంత ఉన్నాయి. వెంటనే ఇంజెక్షను రాసి నర్సుకిచ్చి, "ఏం మందు తాగాడు?" అన్నాడు.

"తాగలేదండీ. అన్నం తిన్నాడు."

"తెచ్చినవాళ్ళందరూ అలాగే అంటారయ్యా. ఈ వారంలో వీడు నాలుగోవాడు. ఒకే గదిలో ఉంటున్నావు, నీకు తెలియకుండా ఉంటుందా?"

అవును, పత్తి దెబ్బతిని ఆ సంవత్సరం చాలామంది తాగారు. ఆ వార్డులో వాడి మంచానికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు కూడా అలా వచ్చినవాళ్ళే. నాకు తెలుసునని చెబితే ఎప్పటినుంచి తెలుసని అడుగుతారు. "తెలియదండీ" అన్నాను. కానిస్టేబులు వచ్చి పరీక్షలంటే భయమా, ప్రేమ వ్యవహారం ఏమన్నా ఉందా అని అడిగాడు. తెలియదండీ అన్నాను. ఆ రోజు నేను పలికిన మాటల్లో సగం అదే.

సోమవారం పొద్దెక్కకముందే వాడు పోయాడు. డబ్బా సంగతి చెప్పి ఉన్నా ఇచ్చే ఇంజెక్షను మారేది కాదని చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు. ఆ మాటతో నాకు కొంత ఊరట కలిగింది. అలా కలిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఎందుకంటే శుక్రవారం నాడు ఏ ఇంజెక్షనూ అక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం కూడా అక్కర్లేదు.

శవంతో వాళ్ళ ఊరికి బయల్దేరేముందు గదికి వెళ్ళాను. మిగిలిన నూనె మరుగుదొడ్లో పారబోసి, డబ్బాను రెండు వీధుల అవతల చెత్తకుండీలో పడేశాను. ఎవరో ఒకరు దాన్ని ఏరుకుని తోముకుని ఉంటారని అప్పుడు నాకు తట్టలేదు.

వాళ్ళ ఊళ్ళో, తనంతట తాను ప్రాణం తీసుకున్నవాణ్ణి సమాధుల తోటలో ఎక్కడ పెట్టాలని సంఘపెద్దలు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి కంచె పక్కన మూల చోటిచ్చారు. తల్లి దానికి అడ్డు చెప్పలేదు. "ఏ మూలయినా పర్లేదు, పాట పాడండయ్యా నా బిడ్డకి" అని ఒక్కటే అడిగింది. పాడారు. నేను జనం వెనక నిలబడి విన్నాను. నోరు తెరిస్తే వాణ్ణి ఆ మూలనుంచి తీసి నడుమకు తేగలిగినవాణ్ణి ఆ గుంపులో నేనొక్కణ్ణే.

పదిరోజుల తర్వాత వాడి పెట్టె, పుస్తకాలు ఇవ్వడానికి మళ్ళీ వెళ్ళాను. పొద్దున పది అయ్యుంటుంది. తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నులకమంచం వాల్చింది. ఎనిమిదో తరగతి చదివే చెల్లెలు పెట్టె లోపలికి మోసుకెళ్ళింది. తల్లి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, తిరగేసి, పక్కన పెట్టింది. ఆమెకు చదువు రాదు.

"కార్డొచ్చింది బాబూ, వాణ్ణి పూడ్చిపెట్టిన మర్నాడు" అంది. "ఇక ఇద్దరికీ పంపొద్దు, నా ఒక్కడికే చాలు అని రాసాడు. పాప చదివింది. మీరిద్దరూ ఏమన్నా తగూ పడ్డారా?"

నేను ఆమె పక్కన పెట్టిన పుస్తకాలు సర్దాను.

"మిమ్మల్నేం అనట్లేదు బాబూ. ఏ మాట మనసులో పెట్టుకుని అంత పని చేశాడో తెలిస్తే చాలు. నాకు రేత్రిళ్ళు అదే. మా కూడు తినలేదని బాధపడ్డాడా? అంతదానికే తాగుతాడా ఎవరన్నా?" అని నా మొహంలోకి చూసింది. తర్వాత, తానే మాట తప్పించి, "వాడి పేరున ఒక్క ముద్ద తినిపోండి. ఇయ్యాలే పొయ్యి వెలిగించాం. దోసకాయ తాలింపు వేస్తది పాప" అంది.

లోపల చెల్లెలు పొయ్యి దగ్గర బాణలి పెట్టింది. గూట్లోంచి డబ్బా తీసింది. అల్యూమినియంది, లీటరుది, మరమూత. ఒకే గానుగ నూనె రెండు డబ్బాల్లో పోసి, ఒకటి కొడుక్కి పంపి, ఒకటి ఇంట్లో ఉంచుకుందట. మొదట పాత సీసాలో నూనె మిగిలి ఉండటంతో, తర్వాత చావింట్లో పొయ్యి వెలగకపోవడంతో ఇన్నాళ్ళూ దాని మూత తియ్యలేదు.

"ఆపమ్మా!" అని అరిచాను. ఆ పిల్ల బెదిరి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆ నూనె వాడొద్దు. పారబోసెయ్యండి."

అప్పుడు చెప్పాను. పొయ్యి ముందు నిలబడే మొత్తం చెప్పాను. తోమితే పోదని, నూనెలో కరుగుతుందని, వాడు ఏ మందూ తాగలేదని, అన్నమే తిన్నాడని. ఆమె వింటూ గుంజ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"ఏడుసార్లు తోమాను బాబూ" అంది. మళ్ళీ, "చింతపండేసి కూడా తోమాను" అంది.

"మీకు తెలియదమ్మా."

"అయితే వాడు కావాలని తాగలేదు."

"లేదమ్మా."

"నీ అన్న కావాలని తాగలేదంట" అని కూతురితో అంది. ఆ పిల్ల గట్టిగా ఏడ్చింది. ఆమె ఏడవలేదు. తన రెండు చేతులూ ముందు పెట్టుకుని, అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. పాపను కాపాడానన్న ఊహ కూడా ఒకటి ఆ క్షణంలో మెదిలింది, ఎక్కడ దొరికితే అక్కడ నాకో మంచిమాట ఏరుకునే అలవాటు నాది.

అప్పుడు ఆమె తలెత్తింది.

"మీరూ తిన్నారుగా బాబూ ఆ నూనె? మీకేం కాలేదా?"

"నేను తినలేదమ్మా."

"ఎందుకని తినలేదు?"

అది కోపంతో అడిగింది కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"వాసనొచ్చింది" అన్నాను.

"ఎప్పుడు?"

"తెచ్చిన రోజే."

ఆమె కళ్ళు నా మొహం మీదనుంచి కదలలేదు. చెల్లెలు ఏడుపు ఆపి నా వైపు తిరిగింది.

"మరి వాడికి చెప్పలేదా బాబూ?"

ఏదో చెప్పబోయాను. పొయ్యి దగ్గరున్న డబ్బా వైపు చూశాను. ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. పర్చూరు బస్సు వచ్చే వేళయిందని బయటినుంచి ఎవరో అంటే, గుమ్మం దాటి వచ్చేశాను.